పక్కగది గోల

మా వదిన ఏడో తరగతి బి సెక్షనుకి ఇంగ్లీషు చెబుతుంది. పక్క గదిలో నేను లెక్కలు చెబుతాను. మధ్యనున్నది పేరుకే గోడ, పలచటి చెక్కల తడిక. ఆవిడ క్లాసు నడిచినంతసేపూ నా లెక్కలు నాకే వినపడవు. తలుపు తియ్యండి, గొడుగు బల్ల కింద పెట్టండి అని పిల్లలు ఇంగ్లీషులో అరుస్తుంటారు, ఆవిడ వాళ్ళు చెప్పినట్టల్లా చేస్తుంటుంది. తప్పు చెబితే తప్పే చేస్తుంది. ఒకమ్మాయి కంగారులో కుర్చీని గొడుగు కింద పెట్టమంటే, వదిన గొడుగు విప్పి కుర్చీకి పట్టుకుని నిలబడిందట. ఆ రోజు నవ్వులకి నా క్లాసు కాస్తా గంగలో కలిసింది.

ఈ గోలకి కారణం ఉంది. చదువుకునే రోజుల్లో వదిన ఇంగ్లీషులో ఎప్పుడూ ఫస్టే. గైడులో జవాబులు కామాలతో సహా అప్పజెప్పేది. టీచరుద్యోగం వచ్చిన ఏడాదే మా అన్నయ్యకి ఆపరేషనైంది. డాక్టరుకి మన భాష రాదు. ఇంటికి పంపేటప్పుడు మందుల సంగతి ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. వదినకి ఒక్క ముక్క అందలేదు. ఇంగ్లీషు టీచరయ్యుండి అర్థం కాలేదని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఎస్, ఎస్ అంటూ తల ఊపింది. రోజుకొకటి వేయాల్సిన మాత్ర పూటకొకటి వేసింది. అన్నయ్య మళ్ళీ పదిహేను రోజులు ఆస్పత్రి పాలయ్యాడు. ఇప్పటికీ ఆవిడ దేనికైనా తల ఊపితే చాలు, మందులేమీ ఇవ్వకే తల్లీ అని ఆటపట్టిస్తాడు. మేమంతా నవ్వుతాం. వదిన నవ్వదు.

అందుకే ఆవిడ క్లాసులో మొదటి వారం పుస్తకం తెరవరు. నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి, మెల్లగా చెప్పండి. ఈ మూడూ ఇంగ్లీషులో అనడం వస్తే చాలు. ఆ తర్వాత ఆవిడ కావాలనే గొణుగుతూ, పరుగెత్తిస్తూ మాట్లాడుతుంది. పిల్లలు ఆపమనేదాకా ఆపదు. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకరి చేతికి బొమ్మ ఇస్తుంది. రెండోవాళ్ళు దాన్ని చూడకుండా, అడిగి అడిగి తెలుసుకుని గీయాలి. మాట్లాడుతున్నవాళ్ళని మధ్యలో దిద్దదు. తప్పులు చీటీ మీద రాసుకుని, చివర్లో ఎవరివో చెప్పకుండా బోర్డు మీద పెట్టి అందరిచేతా దిద్దిస్తుంది. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఆగుతుంది. అంత సేపట్లో నేనైతే జవాబు నేనే చెప్పేసి ఇంకో లెక్కలో ఉంటాను.

గొంతు చిన్నదని అందరూ పిచ్చుక అని పిలిచే ఒకమ్మాయి మాత్రం మూడు నెలలైనా పెదవి విప్పలేదు. బొమ్మలు చక్కగా గీసేది, అంతే. వదిన తొందరపెట్టలేదు.

ఇంతలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. దీనికి మా బడిలో పాత ఏర్పాటొకటి ఉంది. ప్రశ్న అడగ్గానే జవాబు తెలిసిన పిల్లలు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. చూసేవాళ్ళకి గది నిండా చేతులే. టీచరు కుడిచేతులవాళ్ళనే లేపుతారు. పంతొమ్మిదేళ్ళుగా నేనూ అదే చేస్తున్నాను. వదిన చేయించనంది. హెడ్మాస్టరు కేకలేసే మనిషి కాదు. తనిఖీ చెడితే బి సెక్షను గైడు బట్టీ వేయించే పెద్దాయనకిస్తాననీ, ఆవిడ ఒకటో తరగతిలో చూచిరాతలు దిద్దుకోవచ్చనీ మెత్తగా చెప్పాడు. అన్నంత పనీ చేసే రకం.

ఆ సాయంత్రం నచ్చజెబుదామని వెళ్ళాను. పాత క్యాలెండర్లలోంచి బొమ్మలు కత్తిరిస్తోంది.

"ఒక్క గంట చేతులెత్తిస్తే నీ సొమ్మేం పోతుంది వదినా? ఏడాదంతా నీ ఇష్టం."

"నేను తల ఊపింది ఒక్క నిమిషమేగా," అంది, కత్తెర ఆపకుండా.

మొండిదని విసుక్కుంటూ ఇంటికొచ్చాను గానీ, భయం ఆవిడకి కాదు, నాకు పట్టుకుంది.

మర్నాడు తనిఖీ వేళకి నా పిల్లలకి కూడికలిచ్చి తడిక పక్కనే నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషులో ఏదో పొడుగాటి ప్రశ్న వేశాడు. అవతల చప్పుడు లేదు. హెడ్మాస్టరు దగ్గాడు. అయిపోయింది, వదిన పని అయిపోయింది అనుకున్నాను. అప్పుడు ఒక సన్నటి గొంతు వినిపించింది.

"ఐ డోంట్ అండర్‌స్టాండ్ సర్. ప్లీజ్ సే ఇట్ అగైన్. స్లోలీ."

పిచ్చుక! ఇన్‌స్పెక్టరు మళ్ళీ అడిగాడు, ఈసారి నెమ్మదిగా. ఇంకెవరో బోర్డు మీద గీసి చూపించమన్నారు. ఆయన గీసినట్టున్నాడు, గదంతా నవ్వింది. ఇక బెల్లు కొట్టేదాకా తప్పులో ఒప్పులో ఒకటే మాటలు. తర్వాత నా గదికొచ్చాడు. నా పిల్లలు ఠక్కున చేతులెత్తారు. రెండు నిమిషాల్లో వెళ్ళిపోయాడు.

నా క్లాసులో క్రమశిక్షణ బాగుందని రాశాడు. వదిన క్లాసు గురించేమో, తప్పులు చాలా ఉన్నాయి, ఈ క్లాసుని ఇలాగే నడపనివ్వండి అని రాశాడు. హెడ్మాస్టరు రెండుసార్లు చదువుకుని రిజిస్టరు మూశాడు. ఒకటో తరగతి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ మర్నాడు బి సెక్షను పిల్లలు లెక్కలకి నా గదికొచ్చారు. నిష్పత్తులు చెప్పి, అలవాటుగా అర్థమైందా అన్నాను. అయింది సార్ అన్నారు, అలవాటుగానే. బోర్డు తుడవబోతుంటే పిచ్చుక లేచింది.

"అర్థం కాలేదు సార్. మళ్ళీ చెప్పండి. మెల్లగా."

ముందు ఒళ్ళు మండింది. నన్ను ఇంతవరకూ ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఎలాగో కోపం మింగి, ఇంకెవరికి అర్థం కాలేదో లేవమన్నాను. ఎవరూ కదల్లేదు. నేనూ కదలకుండా ఆగాను. కిటికీ పక్కనుంచి ఒకరు లేచారు. తర్వాత ఇద్దరు. తర్వాత బెంచీలకి బెంచీలే లేచాయి. నలభై ఒక్కమందిలో ముప్పై ముగ్గురు నా ముందు నిలబడ్డారు. పంతొమ్మిదేళ్ళుగా నేను లెక్కలు చెబుతున్నది కూర్చున్న ఆ ఎనిమిదిమందికే.