ప్రార్థన మధ్యలో పెరిగిన బీపీ

చెన్నై అంబత్తూరులోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో నేను పాటలు నడిపిస్తాను. పోయిన ఏడాది ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘంలోనే ఉన్న నర్సు మేరీ అందరికీ బీపీ చూసింది. గంటసేపు గొంతెత్తి పాడి, నేరుగా వచ్చి కూర్చున్నాను. పై అంకె నూట నలభై రెండు వచ్చింది.

మా నాన్న యాభై రెండేళ్లకు పక్షవాతంతో పడిపోయాడు. ఆ ఆదివారం నాటికి నాకూ సరిగ్గా యాభై రెండు. "నాకూ నాన్నలాగే అవుతుందేమో" అన్నాను. అంతే, పదిమంది చుట్టూ చేరి నా తల మీద చేతులుంచి బిగ్గరగా ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ బిడ్డను మంచాన పడనీయకు!" అంటూ ఒక పెద్దాయన ఏడ్చేశాడు. ఆ మాటకు నా గుండె దడదడలాడింది. మేరీ మళ్లీ చూస్తే నూట అరవై!

"అందరూ గమ్మునుండండయ్యా! మీ అరుపులకే అక్కకు బీపీ ఎక్కతా ఉండాది" అని మేరీ కసిరింది. "అక్కా, ఈడ ఆనుకోని కూసో. అయిదు నిమిషాలు నోరు తెరవబాక. దేవుడికేం చెవుడు లేదులే."

'నీ చిత్తం ప్రభువా' అని మనసులోనే అనుకుని కళ్లు మూసుకున్నాను. ఈసారి నూట ముప్పై నాలుగు.

"రవంత ఎక్కువే. జబ్బని ఏడవబాక, ఏం లేదని ఊరగాయా తినబాక. నడువు, ఉప్పు తగ్గించు, వారం వారం చూపించు" అంది మేరీ.

దేవుని సన్నిధిలో మౌనంగా కూర్చోవడం నాకు ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం మేరీ నా చేతికి బీపీ పట్టీ చుడుతుంటే, ఆ పెద్దాయన దూరంగా నిలబడి పెదవులు మాత్రమే కదుపుతాడు.