సీసాల అత్తయ్య ముక్కు

ఆ మేడలో మూడో అంతస్తు ఎక్కినవాళ్లు ముందు చూసేది సీసాల అత్తయ్య బాల్కనీనే. చూడకపోతే ఆవిడ ఊరుకోదు లెండి. పాత జామ్ సీసాలు, తేనె సీసాలు, మూత పోతే గుడ్డ బిగించిన సీసాలు పని బల్ల మీది నాలుగు అరల్లో కిటకిటలాడుతుంటాయి. ఏ సీసా మీది కాగితాన్నీ నమ్మకూడదు. జామ్ అని ఉన్నదాంట్లో చెప్పుల పాలిష్, తేనె అని ఉన్నదాంట్లో గిన్నెలు తోమే సబ్బు.

చోద్యం ఏమిటంటే, ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు ల్యాబులో అటెండరు. సీసా సీసాకీ చీటీ అంటించడమే ఉద్యోగం. రిటైరైన సాయంత్రం ఇంటికొచ్చి, "ఈ జన్మకి ఇంకో చీటీ అంటిస్తే ఒట్టు!" అంది. ఆ మాట మీదే ఉంది. ముక్కు ఉండగా చీటీ ఎందుకు? మూత తీసి వాసన చూసిందంటే లోపల ఏముందో, ఎప్పుడు చేసిందో, నూనె ఇంకెన్నాళ్లు నిలుస్తుందో చెప్పేసేది.

ఆవిడ దగ్గర వృథా అన్న మాటే లేదు. అరిగిపోయిన సబ్బు ముక్కలు తురిమి, కరిగించి, కొత్త సబ్బు పోస్తుంది. నారింజ తొక్కలు వెనిగర్‌లో రెండు వారాలు నానేసి గచ్చు తుడిచే నీళ్లు చేస్తుంది. చిల్లు పడ్డ మేజోళ్లు దుమ్ము గుడ్డలవుతాయి. "కొట్లో కొనే డబ్బాలో సగం గాలి, సగం గొప్పలు" అంటుంది. ఎవరైనా కాదంటే వాదించదు, చేతిలో ఓ సీసా పెట్టి పంపిస్తుంది.

ఇన్నింటిలోకీ ఆవిడకి ప్రాణం చేతుల క్రీము. తేనెమైనం, బాదం నూనె, మూడు చుక్కల గులాబీ నూనె. అది కోడలి కోసం పుట్టిన క్రీము. కోడలు ఆస్పత్రిలో నర్సు. రోజుకి యాభై సార్లు చేతులు కడుక్కునీ కడుక్కునీ వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు కారేది. ఎన్ని ట్యూబులు కొన్నా తగ్గలేదు. పెళ్లయిన రెండో నెలలో ఆ చేతులు చూసి అత్తయ్య ఈ క్రీము కాచింది. "ఇలా పట్టు" అని తానే రాసింది. వారం తిరక్కుండా మానాయి. ఆనాటి నుంచీ కోడలు ఆ సీసా లేకుండా డ్యూటీకి వెళ్లి ఎరగదు.

అంతా బాగానే ఉండేది. మొన్న చలికాలంలో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది.

మొదట జలుబనుకుంది. పది రోజులు చూసింది, నెల చూసింది. నారింజ తొక్క నలిపి ముక్కులో కుక్కుకున్నంత పని చేసింది. ఊహూఁ. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. కొడుకు కన్ను ఎప్పటినుంచో ఆ బాల్కనీ మీదుంది. "అమ్మా, ఈ బల్ల తీసేస్తే వాషింగ్ మెషిన్ చక్కగా పడుతుంది" అని నెలకోసారైనా అంటాడు. వాసన తెలియని మనిషికి పొయ్యీ, మైనమూ ఎందుకని ఒక్క ఆదివారంలో అంతా ఖాళీ చేసేస్తాడు. వాడు చెడ్డవాడు కాదు పాపం, తల్లి మీద ప్రేమతోనే ఖాళీ చేస్తాడు. కానీ ఆ బల్ల పోతే తానెవరు? పొద్దున లేచి దేని కోసం బాల్కనీలోకి రావాలి?

అంచేత గుట్టు దాచింది. కోడలు ఉన్నట్టుండి గ్యాసు పొయ్యి తీయించి బాల్కనీలో కరెంటు పొయ్యి పెట్టించినప్పుడు మాత్రం, "దీని మీద మైనం కరిగేసరికి నాకు నూరేళ్లు నిండుతాయి" అని రెండు రోజులు సణిగింది.

గుట్టు దాదాపు రట్టయింది సెలూన్ బాబాయి వల్ల. కింది అంతస్తులో సెలూన్ నడిపే ఆయనకి, గడ్డం గీశాక రాసే క్రీము ఆవిడే ఇస్తుంది. ఒకనాడు మధ్యాహ్నం రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, నిన్న మీరిచ్చిన క్రీము రాస్తే మా వాడుక మనిషి మొహం మండిపోయి, మెళ్లో తువ్వాలుతోనే వీధిలోకి పరిగెత్తాడు! చేతికంటింది కదా అని కుర్చీకి తుడిస్తే, ఆ కుర్చీ అద్దంలా మెరిసిపోతోంది."

అత్తయ్యకి సంగతి అర్థమైంది. అది కుర్చీలకీ తలుపులకీ రాసే పాలిష్. మైనంలో టర్పెంటైన్ కలిపింది. ఆ ఘాటు ఆమడ దూరం కొడుతుంది, కానీ ఎవరి ముక్కుకి? బాబాయికేమో ముక్కుపొడుం పీల్చి పీల్చి ఏ వాసనా తెలియదు.

"అది కుర్చీకనే ఇచ్చాను. మొహానికి ఎవరు రాయమన్నారు నిన్ను?" అని దబాయించింది.

బాబాయి బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్న కోడలు అంతా విని లోపలికి వెళ్లింది.

ఆ రాత్రి అత్తయ్యకి కంటి మీద కునుకు లేదు. కోడలి సీసా అడుగంటింది, రేపో మాపో కొత్తది చేయాలి. పాలిష్, క్రీము రెండూ ఒకే రంగు, ఒకేలాంటి సీసాలు. పగిలిన ఆ చేతులకి టర్పెంటైన్ తగిలితే? "ఇంత బతుకూ బతికి ఆ పిల్లని ఏడిపిస్తానా? వద్దు. రేపు నేనే బల్ల ఖాళీ చేసేస్తాను" అనుకుంది.

తెల్లారాక సీసాలు దించడానికి పై అరలో చెయ్యి పెట్టింది. వేళ్లకి ఏదో మెత్తగా తగిలింది. సీసా మెడకి ఆస్పత్రిలో కట్లు కట్టే గాజుగుడ్డ పేలిక కట్టి ఉంది, ఒక ముడి. పక్క సీసాకి రెండు ముళ్లు. ఆ పక్కదానికి మూడు. టర్పెంటైన్ కలిపినవన్నీ అట్టడుగు అరకి దిగి ఉన్నాయి, వాటికి పేలికే లేదు. కొసలు లోపలికి దోపి చదునుగా వేసిన ఆ ముడి ఆవిడ ఎరుగును. కిందటేడు బొటనవేలు తెగినప్పుడు కోడలు కట్టిన కట్టుకి ఇదే ముడి.

వెనక నుంచి కోడలి గొంతు వినిపించింది. "ఒకటి క్రీము, రెండు సబ్బు, మూడు జుట్టు నూనె. చూపు ఆనని పేషెంట్ల మందు సీసాలకి ఇలాగే కడతాం అత్తయ్యా."

అత్తయ్య వెనక్కి తిరగలేదు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"పాలు మాడి ఇల్లంతా పొగ కంపు కొడుతుంటే, మీరు పక్కనే కూర్చుని బీరాలు పోతున్నారు చూడండి, ఆ రోజు. కరెంటు పొయ్యి ఎందుకనుకున్నారు?"

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్తే వాషింగ్ మెషిన్ వస్తుంది. మరి నా చేతులేం కావాలి?"

అత్తయ్యకి ఏడుపొచ్చింది. వచ్చిందని ఒప్పుకునే మనిషి కాదు గనక, "పొయ్యి పెట్టు, నిలబడి చూస్తావేం?" అని కసిరింది. కానీ మనసులో ఒక ముల్లు మిగిలే ఉంది. ఈ పిల్ల మంచిది. మంచివాళ్లు ముసలివాళ్ల మనసు నొప్పించలేక అన్నిటికీ బాగుందంటారు. అలాంటి ముక్కుని నమ్మి క్రీము చేయలేం.

నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి మైనం కరిగించింది, నూనె కలిపింది. గులాబీ నూనె సీసా చేతిలోకి తీసుకుని, వంచినట్టే వంచి, మూత తీయకుండా పక్కన పెట్టేసింది. చల్లారాక గిన్నె కోడలి ముందుకి తోసింది.

"వాసన చూడు. గులాబీ సరిపోయిందా?"

కోడలు వంగి వాసన చూసింది. మొహం చిట్లించి, ఇంకోసారి చూసింది.

"సరిపోవడం దేవుడెరుగు, అసలు వెయ్యందే అత్తయ్యా!"

అత్తయ్య ఆ పిల్ల మొహంలోకి చూసి పకపకా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగినా తుడుచుకోలేదు. గులాబీ నూనె మూత తీసి, గిన్నె మీద జాగ్రత్తగా వంచింది.

"ఇప్పుడు?"

"ఇంకా చాలదు."

"ఇప్పుడు?"

"ఇంకొక్క చుక్క, అత్తయ్యా."