కందిలి పట్టుకున్న ముసలాయన

వనపర్తిలో డిగ్రీ చివరి ఏడు చదువుతున్నప్పుడు నా స్నేహితురాలు, నేను ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. ఆమెది అమరచింత, నాది పాన్‌గల్. రెండేళ్లుగా ఒకే స్టవ్వు, ఒకే అద్దం. ఆదివారం తలంటు కాగానే ఆమె నాకు జడ వేసేది, నేను ఆమెకు వేసేదాన్ని. ఈ లోకంలో నా సొంతమంటూ ఎవరైనా ఉంటే అది ఆమే అనుకునేదాన్ని.

అంతలో ఇంటావిడ మూడో పిల్లను తెచ్చి మా గదిలో పెట్టింది. మన్ననూరు పిల్ల, మాకన్నా రెండేళ్లు చిన్న. వాళ్ల నాన్న ఫారెస్టోళ్ల దగ్గర కాపలా పని చేసేవాడు. వస్తూ వస్తూ సీసాడు అడవి తేనె తెచ్చింది. నా స్నేహితురాలు వేలు ముంచి నాకింది, మళ్లీ ముంచింది. నేను పన్ను నొప్పని చెప్పాను. నోరూరుతూనే ఉంది, అయినా ముట్టలేదు.

నెల తిరగకముందే జడల వరుస మారింది. ముందు ఆ పిల్లకు, తర్వాత నాకు. జొన్నరొట్టెలో కరకరలాడే అంచు విరిచి ఆ పిల్ల పళ్లెంలో వేసేది. నా మొహం చూసి "చిన్నపిల్ల గదనే" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. రొట్టె అంచు కోసం ఏడుపేమిటని నన్ను నేను తిట్టుకుంటూనే ఏడ్చేదాన్ని.

అయితే ఆ గదిలో నాకూ ఒక గొప్ప ఉండేది. హైదరాబాదులో ఉండే మా చిన్నాన్న కూతురు ఫుట్‌పాత్ మీద కొన్న టారో కార్డులు, బొమ్మలు చూసి జోస్యం చెప్పేవి, నాకిచ్చింది. వాటి అర్థాలున్న ఇంగ్లిషు పుస్తకాన్ని డిక్షనరీ ముందేసుకుని చదివేది నేనొక్కదాన్నే. వీధిలో ఆడపిల్లలందరికీ పరీక్షల సంగతి, పెళ్లి సంగతి చెప్పేదాన్ని. ఆ పిల్ల కళ్లప్పగించి వినేది.

ఒక మధ్యాహ్నం తనూ ఒక కార్డు తీసింది. దాని మీద గడ్డం ముసలాయన. కొండ కొమ్మున ఒంటరిగా నిలబడ్డాడు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో దీపం.

"గీయనెవరో నాకెర్కనే," నా స్నేహితురాలు పకపకా నవ్వింది. "కరెంటొచ్చిందని మోటరు ఎయ్యవోతుండు. మా నాయిన గిట్లనే పోతడు, కట్టె, కందిలి పట్టుకొని."

అప్పట్లో మా వైపు పొలాలకు కరెంటు ఏ అపరాత్రో వచ్చేది. పాములకు కర్ర, దారికి లాంతరు.

"ఒక్కడే ఎందుకు పోతుండక్కా?" పిల్ల అడిగింది.

"ఇంట్ల అందరు పండుకోవాలె గద. అందర్ని లేపి ఏం జేస్తడు?"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. చివరికి నా కార్డు కూడా వాళ్లదే అయిపోయింది. పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. ఏకాంతం, నెమ్మది, మన లోపలికి మనం చూసుకోవడం. కీడన్న మాట అందులో ఎక్కడా లేదు. స్నేహితురాలు నీళ్లకు వెళ్లేదాకా ఆగి, పిల్లతో మెల్లగా అన్నాను.

"ఇది మంచి కార్డు కాదు. ఇది వచ్చినోళ్లు ఒంటరిగ ఉండాలె. నువ్వు ఎవలతోని ప్రేమగుంటె వాళ్లకే కీడు."

పిల్ల మొహం పాలిపోయింది. మరి తన గతేమిటని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"నేను దూరం పోతె అక్కకు ఏం గాదు గద?"

"ఏం గాదు," అన్నాను.

మూడు రోజులకు, హాస్టల్లో సీటు దొరికిందని పెట్టె సర్దుకుంది. నా స్నేహితురాలు ఎంత అడిగినా కారణం చెప్పలేదు. "గింత మంచిగ చూసుకుంటె గిట్లనా? పో, మల్ల నా మొకం చూడకు," అని ఆమె అరిచింది. ఆ మాట కూడా పడి పిల్ల తలవంచుకుని వెళ్లిపోయింది. మిగిలిన తేనె మాకే వదిలేసింది.

ఆ ఆదివారం ఆమె నాకే ముందు జడ వేసింది. రొట్టె అంచు నాకే వచ్చింది. నేను కోరుకున్నదంతా దొరికింది.

నిజం చెప్పాలంటే, పిల్ల ఉన్నప్పటికన్నా వెళ్లాకే నాకు కుళ్లు ఎక్కువైంది. నా వల్ల ఆమెకు కీడంటే నేను ఆ గది వదిలేదాన్నా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వదిలేదాన్ని కాదు. ఆమె కొంగు పట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని.

ఆ పుస్తకం ఎప్పుడో పోయింది. కార్డు నా దగ్గరే ఉంది. తీసి చూస్తే, ఎవర్నీ లేపకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోతూ ఆ పిల్లే కనిపిస్తుంది. నా స్నేహితురాలిని అంతగా ప్రేమించింది నేను కాదు. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే ఓర్వలేను.