నా చేతి మీద సారు చెయ్యి

సారు పోయారని సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. ఈ రోజుల్లో ఫోన్లలో బతికున్నవాళ్లనూ చంపుతున్నారు. తిరిగి ఫోన్ చేయించి, గట్టిగా అడిగాకే కోదాడ బస్సెక్కాను. ఇదంతా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. సొంత మాట ఒక్కటి కలపవద్దని ముందే చెప్పాను.

మాడుగులపల్లి పక్కన మా ఊరి బడికి ఆయన కోదాడ నుంచి వచ్చారు. మాట మాటకూ 'అండీ' తగిలించేవారు. మిర్యాలగూడ రైసుమిల్లులో గింజ కొరికి చూసి బతికినవాణ్ని, మెత్తని మాటను నేను నమ్మను.

ఇంకో సంగతి. సంతకం తప్ప నాకు అక్షరం రాదు. అది ఎవరికీ తెలియకుండా పొద్దున్నే పేపరు విప్పుకుని అరుగు మీద కూర్చునేవాణ్ని.

అప్పట్లో ఒక వసంత పంచమి నాడు బడిలో ఈ మనవరాలికే అక్షరాభ్యాసం. సరస్వతి పటం ముందు పళ్లెంలో బియ్యం పోశారు. పిల్ల వేలు పట్టి సారే రాయిస్తారనుకున్నాను.

"ఇంటి పెద్దే చెయ్యి పట్టాలండీ. రండి పెద్దాయనా" అన్నారు.

ఈ మనిషి కనిపెట్టాడు, నలుగురిలో నా పరువు తీయడానికే పిలుస్తున్నాడు అనుకున్నాను.

"పేపరంత సదివేటోనివి, ఒక్క అక్షరానికి గింత సోచాయించుడేంది బావా!" అని వెనక నుంచి మా వియ్యంకుడు.

పిల్ల వేలు పట్టుకున్నాను. చెయ్యి కదలలేదు. అప్పుడు నా చేతి మీద సారు చెయ్యి పడింది. బియ్యంలో అక్షరం దిగింది. రాసింది ఎవరో ఎవరికీ తెలియలేదు.

బయట నిలదీశాను. "నా చెయ్యెందుకు పట్టినవ్ సారూ?"

"చలికి వణుకుతున్నారు కదండీ."

అప్పటికి ఎండ నెత్తి మాడుస్తోంది.

మర్నాటి నుంచి మా అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. "కొత్త కళ్లజోడండీ, ఆనుతోందో లేదో చూస్తా" అంటూ పేపరు అందుకుని, ప్రకటనలతో సహా పైకి చదివేవారు. ఏళ్లు గడిచాయి. "ఇంకా కొత్తదేనా?" అంటే, "కంటికి అలవాటు పడాలి కదండీ" అనేవారు. ఎవరి దగ్గర ఎప్పుడు నోరు జారతారోనని నేను కాచుకునే ఉన్నాను.

కోదాడలో ఆయన భార్యను అదే అడిగాను. "అమ్మా, సారు నా గురించి ఏమన్న చెప్పిండా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఎందుకు చెప్పరండీ! ఈయనకు చూపు ఆనకపోతే రోజూ మీరే పేపరు చదివి వినిపించేవారట కదా."

చెబుతూ చెబుతూ ఇక్కడికి వచ్చాక మనవరాలు రాయడం ఆపింది. "తాతా, గిది గూడ రాయాల్నా? ఊరంత సదువుతరు."

"రాయి" అన్నాను.

ఈ పంచమికి ఇంట్లోనే పళ్లెంలో బియ్యం పోసుకుని కూర్చున్నాను. వేలు బియ్యంలో దిగి ఉంది. చేతి మీద బరువు ఇంకా పడలేదు.