నల్లజీడి గుర్తు

ఒంటి మీద పొక్కు కనబడితే చాలు, అంటురోగం అని తేల్చేసే వాళ్లంటే నాకు మంట. పంతొమ్మిదివందల అరవైల్లో నేను బీయస్సీ చదువుతుండగా మా చెల్లెల్ని నెల్లూరులో టీచర్ ట్రైనింగ్ హాస్టలు నుంచి అట్లాగే ఇంటికి పంపేశారు. మెడ వెనకా, నడుము చుట్టూ ఎర్రగా పొక్కి నీరు కారుతోంది. "పెద్దరోగమేమో. తగ్గినాకే పంపండి. హాజరు చాలక పరీక్ష పోతే మమ్మల్ని అనొద్దు" అందట వార్డెనమ్మ మా నాయనతో.

మా ఊరు తోటపల్లి గూడూరులో, ఇంటి బట్టలు కట్టుకుంటే పుండ్లు మానిపోయాయి. హాస్టలుకు పోగానే మళ్లీ లేచాయి, ఈసారి ఇంకా పెద్దగా. నేనే బయల్దేరి పోయా.

చెల్లెలి జాకెట్టు తిరగేసి చూస్తే మెడ దగ్గర నల్లటి గుర్తు. లంగా నడుముపట్టీ మీద కూడా అదే. బట్టలు కలిసిపోకుండా చాకలాయన నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో పెట్టే గుర్తు. ఎన్ని ఉతుకులకూ పోదు.

"ఈ పిల్ల బట్టలు వేరేగా ఉతకమన్నా. పొరపాటున కూడా కలవకుండా పెద్ద గుర్తు పెట్టించినా. ఇంకేం చెయ్యాలమ్మా?" అంది వార్డెనమ్మ.

"అది పెట్టించినారు కాబట్టే పుండు కూడా పెద్దదైంది! గుర్తు ఎక్కడుందో పుండు అక్కడే ఉంది, చూడండి. రోగానికి మీ గుర్తులు చదవడం వచ్చా?"

"అందరి బట్టలకీ అవే గుర్తులు. మిగతావాళ్లకి ఏం కాలేదే?"

జవాబు ఆ రోజు నాకూ తెలియదు. తర్వాత జువాలజీ పాఠాలు చెబుతూ తెలుసుకున్నా. రసం తొలిసారి తగిలినప్పుడు చర్మం ఊరుకున్నట్టే ఉంటుంది. లోపలి కాపలా కణాలు మాత్రం దాని ఆనవాలు పట్టుకుని ఒంట్లోకి కబురు మోసుకుపోతాయి. మళ్లీ తగిలిందా, ఒళ్లే దాని మీద యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధమే పుండు. కొందరి ఒంట్లో ఆ కాపలా మరీ చురుకు. పక్కవాళ్లకు అంటేదేమీ లేదు.

ఆ రోజు నా దగ్గర ఉన్నది నోరే. "గుర్తు లేని బట్టలు కట్టుకోనీండి. తగ్గకపోతే నేనే తీసుకుపోతా" అన్నా. గుర్తుకు బదులు ఎర్రదారం కుట్టాం. తగ్గిపోయింది.

"అంటురోగం కాదులే" అని వార్డెనమ్మే ఒప్పుకుంది. కానీ ఇంటికి తరిమిన రోజులన్నీ గైర్హాజరే అంది. "అప్పుడు తెలీదు గదమ్మా!"

పరీక్షకు కూర్చోనివ్వలేదు. చెల్లెలు ఆ ఏడంతా మళ్లీ చదివింది. "పోనీలే అక్కా, పాతమాట" అంటుంది ఇప్పటికీ.

ఏడాది పోయింది దానిదైతే, నన్నెందుకు పోనిమ్మంటుంది?