డిస్కో నర్సింగ్‌ను గుడికి పంపిన సాయంత్రం

మాదాపూర్‌లో మా కంపెనీ జరుపుకున్న మొట్టమొదటి వార్షికోత్సవాన్ని ముంచిన ఘనత పూర్తిగా నాది. తుఫాను రాలేదు, కరెంటు పోలేదు, వంటవాళ్ళు పారిపోలేదు. అన్నీ సక్రమంగా ఉండగా, ఎవరి సాయమూ లేకుండా, కేవలం నా సంగీత పరిజ్ఞానంతో ముంచాను. ఆ పరిజ్ఞానం ఎలాంటిదో ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది మీరు నమ్మరు.

తొంభైల చివరి రోజులవి. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి భవనం కొత్తగా లేచింది. చుట్టూ ఇంకా బండరాళ్ళే. మా కంపెనీ ఆ బండల మధ్యే ఒక నాలుగంతస్తుల మేడలో ఉండేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడతాయని లోకమంతా బెంగపెట్టుకుంటే, ఆ బెంగ తీర్చే పని మాకు దొరికింది. పొద్దున్నే వచ్చి కూర్చుని, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం ఎక్కడుందో వెతికి, రెండంకెల్ని నాలుగంకెలు చేయడం. ఆదివారాలు కూడా అదే. నెలల తరబడి అదే. మా ఆఫీసులో కుర్రాళ్ళు, ఆడపిల్లలు కళ్ళు మూసుకుంటే పందొమ్మిది వందలు కనిపిస్తున్నాయని చెప్పుకునేవారు. అందుకని వార్షికోత్సవం అనగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క సాయంత్రం గెంతాలి. అంతే, వాళ్ళు ఇంకేమీ అడగలేదు.

నేను తణుకు నుంచి వచ్చి మూసాపేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. గదిలో ఒక చాప, ఒక బకెట్టు, ఒక టేప్‌రికార్డరు, లెక్కలేనన్ని కేసెట్లు. కేసెట్లన్నీ చెప్పుల డబ్బాల్లో సర్ది, డబ్బాల మీద చీటీలు అంటించాను. భక్తి, లలితం, జానపదం, గజల్, డిస్కో. లోకంలో ఉన్న సంగీతమంతా ఈ డబ్బాల్లో పడుతుందని నా నమ్మకం. పట్టనిది సంగీతమే కాదని అంతకంటే గట్టి నమ్మకం.

ఈ నమ్మకాన్ని నేను గదిలో దాచుకుని ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. రోజూ క్యాంటీన్‌లో ఉపన్యసించేవాడిని. ఎవరైనా ఒక పాట కూనిరాగం తీస్తే చాలు, వాళ్ళ చేతిలో టీ చల్లారేదాకా ఆ పాట ఏ జాతిదో వివరించేవాడిని. నా పక్క సీట్లో పనిచేసే స్వరూప ఒక్కతే ఎదురు మాట్లాడేది. ఆమె బోరబండలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఎదుటివాడు ఎంత గొప్పగా చెప్పినా ఆమె ముఖంలో ఏమీ మారేది కాదు.

"ఒకడే మనిషి ఇయాల ఒక తీరు, రేపు ఒక తీరు పాడితే ఏ డబ్బాల ఏస్తవ్ గిరీ?" అని అడిగింది ఒకరోజు.

"అలాంటివాళ్ళవి నేను కొనను."

"మంచిగ పాడినా?"

"నిలకడ లేని మనిషి మంచిగా ఎలా పాడతాడు?"

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో మనిషికి జవాబు తెలియని ప్రశ్న ఉండదు.

ఈ ఉపన్యాసాల ఫలితంగా మా మేనేజరు మూర్తి గారు నన్ను పిలిచారు. "ఏమయ్యా గిరీ, పాటల సంగతి నీకు బాగా తెలుసటగా. వార్షికోత్సవానికి మంచి హుషారైన పాటగాణ్ణి నువ్వే చూడు. డైరెక్టరు గారు కూడా వస్తున్నారు. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది, గుర్తుపెట్టుకో."

నాకు ఆలోచించాల్సిన అవసరమే లేకపోయింది. డిస్కో అని చీటీ ఉన్న డబ్బాలో పై వరసలో ఒక కేసెట్టు ఉండేది. దాని మీద మెరుపుల చొక్కా వేసుకుని, ఒక కాలు గాలిలోకి ఎత్తిన మనిషి బొమ్మ. కింద పెద్దక్షరాలతో డిస్కో నర్సింగ్. వినాయక చవితి పందిళ్ళలో ఆయన పాట పెడితే పిల్లలే కాదు, చందాలు వసూలు చేసే పెద్దమనుషులు కూడా ఎగిరేవారు. వాకబు చేస్తే లింగంపల్లిలో ఉంటాడని తెలిసింది. కేసెట్టు కొన్ని సంవత్సరాల కిందటిది. అయితే ఏం? ఇంటిపేరులా ముందు డిస్కో ఉంది కదా.

"ఒకసారి పోయి ఇనొద్దామా? లింగంపల్లి ఎంత దూరం?" అంది స్వరూప.

"వినడానికేముంది? కేసెట్టు మీద రాసే ఉంది."

ఈ వాక్యాన్ని దయచేసి మళ్ళీ ఒకసారి చదవండి. నా పతనమంతా దీన్లోనే ఉంది.

ఆయనకు ఫోను లేదు. ఇంటి పక్క ఎస్టీడీ బూత్‌కు చేస్తే పిలుచుకొచ్చారు. లైను నిండా గరగర. ఆ గరగరలోంచి మెత్తటి గొంతు వినిపించింది.

"సార్, మీరు పిలిచిన్రు, సంతోషం. గని ముందే జర చెప్తున్న. ఎన్కటి పాటలు పాడుతలేను. ఇప్పుడు ఏరే పాడుతున్న."

"కొత్తవా? ఇంకా మంచిదండి! ఊపు ఉండాలి, అంతే."

"ఊపుకేం సార్. మనిషిని లోపటికెల్లి ఊపుతది."

"అదే కావాలి! మా వాళ్ళు కుర్చీల్లో కూర్చుని కూర్చుని బిగుసుకుపోయారు. ఒళ్ళు మరిచిపోవాలి."

"ఒళ్ళే కాదు సార్, అసలు నేనెవర్నన్నది మర్సిపోతరు. కండ్లు మూసుకుని ఊగుతరు."

"రంగు లైట్లు పెట్టిస్తున్నామండి, తిరిగేవి."

"అవన్నెందుకు సార్? ఒక్క దీపం సాలు."

నేను ఫోను పెట్టేసి స్వరూపతో అన్నాను. "ఎంత స్టైల్ చూడు. ఒక్క స్పాట్‌లైటు చాలట!"

వార్షికోత్సవం నాటి సాయంత్రం మేడ వెనక ఖాళీ స్థలంలో వేదిక వేశారు. తిరిగే రంగు లైట్లు, పొగ వదిలే యంత్రం, మనిషెత్తు స్పీకర్లు. ఆడపిల్లలు మెరిసే బట్టలు కట్టుకొచ్చారు. మగపిల్లలు గెంతడానికి వీలుగా బూట్లు వేసుకొచ్చారు. నేను పూలగుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను, మెరుపుల చొక్కా కోసం.

ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట విభూతితో ఒకాయన దిగాడు. చేతిలో ఏక్‌తార, ఆ ఒంటితీగ వాయిద్యం. వెనకే చిడతలు పట్టుకున్న ముసలాయన. నన్ను చూసి ఇద్దరూ దండం పెట్టారు.

నాకు వాళ్ళ మీద నిజంగా జాలి కలిగింది. "భజన వాళ్ళా? దారి తప్పినట్టున్నారు. గుడి ఇక్కడ కాదండి, ఆ పెద్ద బండ కనిపిస్తోంది చూశారా, దాని వెనకాల."

ఆయన బండ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గుడికాడనా సార్? సరే, మీరెట్లంటే గట్ల," అని, ముసలాయన చెయ్యి పట్టుకుని రాళ్ళలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. చీకటి పడుతోంది, రాళ్ళు జాగ్రత్త అని కూడా వెనకనుంచి హెచ్చరించాను. నాలో అంత మంచితనం ఉండేది.

వేదిక ముందు చప్పట్లు మొదలయ్యాయి. "డిస్కో! డిస్కో!" అని అరుపులు. డైరెక్టరు గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మూర్తి గారు పరుగెత్తుకొచ్చారు. "ఏడయ్యా మీ వాడు?"

"దారిలో ఉన్నారండి. పెద్ద కళాకారులు కదా, ఆలస్యంగానే వస్తారు."

చివరికి ఆఫీసులోకి వెళ్ళి బూత్‌కు ఫోను చేశాను. బూత్ అతను, "నర్సింగన్ననా? ఎప్పుడో పోయిండు గదా సార్, ఏక్‌తార పట్టుకుని" అన్నాడు.

ఏక్‌తార అన్న మాట వినగానే ఆ తెల్ల పంచె, విభూతి నా కళ్ళ ముందుకొచ్చాయి. ఆ క్షణంలో నా ముఖం చూసిన స్వరూప, "ఏందిరా, ఎవరన్న పోయిన్రా?" అని అడిగింది.

"పోలేదు. నేనే పంపాను. గుడికి."

ఇద్దరం బండరాళ్ళ మీద పడుతూ లేస్తూ పరుగెత్తాం. పూలగుత్తి నా చేతిలోనే ఉంది, పూలు మాత్రం లేవు. గుడి అరుగు మీద నర్సింగ్ గారు హాయిగా కూర్చుని పాడుతున్నారు. ఎదురుగా ఒక ముసలమ్మ, రెండు మేకలు.

"మీరు... డిస్కో నర్సింగ్ గారు కదండీ?" అన్నాను రొప్పుతూ.

"నర్సింగ్‌ను నేనే సార్. డిస్కో మీరు తెచ్చుకున్నరు."

"మరి గేటు దగ్గర చెప్పలేదేమండీ?"

"మీరు గుడి అన్నరు. ముందుగాల దేవునికి ఒకటి పాడి రమ్మంటున్నరేమో అనుకున్న. మంచి పద్ధతి అనిపిచ్చింది."

నేను ఆయన ముందు చేతులు జోడించాను. పాతవి ఒక్కటంటే ఒక్కటి పాడమన్నాను. నా ఉద్యోగం గురించి చెప్పాను. కాలు ఎత్తకపోయినా ఫర్వాలేదన్నాను.

ఆయన నవ్వాడు గానీ తల అడ్డంగా ఊపాడు. "గొంతులకెల్లి రాదు సార్. మొదలు పెండ్లిళ్ళల్ల పాడిన. అప్పుడు పెండ్లి నర్సింగ్ అన్నరు. డిస్కో పాడబోతే, పెండ్లి నర్సింగుకు డిస్కో ఏంది అని నవ్విన్రు. ఎన్నేండ్లకో డిస్కో నర్సింగ్ అన్నరు. గప్పటికి నాకు తత్వాల మీదికి పాణం గుంజింది. ఇప్పుడు తత్వం పాడితే, డిస్కో నర్సింగుకు తత్వమేంది అంటున్నరు. నేను ఒక్క అడుగు ముందటేస్తే నా పేరు ఎన్కనే నిలవడ్తది సార్."

మామూలు మనిషికి ఇది వింటే కళ్ళు తెరుచుకుంటాయి. నాకు మాత్రం ఒక ఉపాయం తట్టింది. ఉన్న పేరుతో ఇబ్బందైతే కొత్త పేరు పెడితే సరిపోతుంది కదా!

ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చి, వేదిక ఎక్కి మైకు అందుకున్నాను. "మిత్రులారా! మీరంతా డిస్కో అనుకుంటున్నారు. డిస్కో పాతబడిపోయింది. హైటెక్ సిటీ చరిత్రలో మొదటిసారిగా, కొత్త సహస్రాబ్ది సంగీతం... టెక్నో తత్వం! మీ ముందుకు వస్తున్నారు, టెక్నో నర్సింగ్!"

ఈలలు మిన్నంటాయి. పొగ యంత్రం బుస్సుమంది. ఎర్ర, పచ్చ లైట్లు గిరగిరా తిరిగాయి. ఆ పొగలోంచి తెల్ల పంచె, ఏక్‌తార, చిడతల తాతయ్య బయటికొచ్చి దగ్గుతూ కింద కూర్చున్నారు. ఈలలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"జర ఆ పొగ బంద్ చెయ్యి బిడ్డా, లైట్లు గూడ," అన్నాడు నర్సింగ్. తర్వాత తీగ మీటాడు.

*కిరాయి కొంపరా నీ దేహము*
*ఖాళీ చెయ్యమంటే చెయ్యవలెరా*

వెనక వరసల్లోంచి సగం మంది లేచి బిర్యానీ వైపు నడిచారు. ఆ విషయంలో అబద్ధం చెప్పను. నడవడం కాదు, పరుగెత్తారు. కానీ మిగతా సగం మంది, ఎందుకనో, నవ్వడం మొదలుపెట్టారు. మాలో కిరాయి ఇంట్లో లేనివాళ్ళెవరు? ఇంటాయన తిట్లు తిననివాళ్ళెవరు? నర్సింగ్ అది పసిగట్టాడు. గోడకు మేకు కొట్టొద్దన్న యజమాని, నీళ్ళకు ఆంక్ష పెట్టిన యజమాని, ఒక్కొక్కరూ పాటలోకి వచ్చారు. చిడతలు జోరందుకున్నాయి. ముందు వరసలో కుర్రాళ్ళు "ఖాళీ చెయ్యవలెరా!" అని గొంతు కలిపారు. బూట్లు వేసుకొచ్చినవాళ్ళు లేచి గెంతారు కూడా. డైరెక్టరు గారు మాత్రం కదలకుండా కూర్చున్నారు.

పాట అయ్యాక ఆయన నన్ను పిలిచారు.

"బాగుందయ్యా. కానీ ఇందులో టెక్నో ఎక్కడుంది?"

"లోపల ఉందండి," అన్నాను.

ఆయన అక్కడికక్కడే తీర్పు చెప్పారు. నా ఉద్యోగం ఖాయం చేశారు గానీ, సంగీతంతో ఏ సంబంధమూ లేని విభాగానికి మార్చారు. అంటే క్యాంటీన్‌కు చాలా దూరంగా ఉన్న అంతస్తుకు.

కథ ఇక్కడితో అయిపోయిందని నేనూ అనుకున్నాను. కొన్నాళ్ళకు ఆఫీసుకు ఫోను వచ్చింది. గరగర, మెత్తటి గొంతు.

"సార్, నేను నర్సింగ్‌ను. జర పరేషాన్ల ఉన్న. మీ కాడికెల్లి ఆ పేరు అందరికీ పాకింది. పోస్టర్ల మీద టెక్నో నర్సింగ్ అని ఏస్తున్నరు. నేను పోయి తత్వం పాడంగనే, మరి టెక్నో ఏది అని కొట్లాటకొస్తున్నరు. ఆదివారం లింగంపల్లిల ప్రోగ్రాం ఉన్నది. మీరొచ్చి జనానికి జర సమజ్ చెయ్యున్రి."

వెళ్ళక తప్పుతుందా? కాలనీ జనం కిక్కిరిసి కూర్చున్నారు. నర్సింగ్ గారు ఎంతో గౌరవంగా నా భుజం మీద చెయ్యి వేసి, మైకులో చెప్పారు. "అయ్యా, టెక్నో ఏది, టెక్నో ఏది అని అడుగుతున్నరు గదా. టెక్నో అంటే ఈ సారే."

వెనకనుంచి ఒకాయన లేచాడు. "అట్లనా? అయితే ఇగ ఆలస్యమేంది? సారును పాడమను!"

"టెక్నో! టెక్నో!" అని కాలనీ అంతా చప్పట్లు.

నేను పాడాను. ఏం పాడానో, అది ఏ రకం సంగీతమో దయచేసి అడగకండి. ముందు వరసలో ఒక పసివాడు ఏడుపు లంకించుకుంటే వాళ్ళమ్మ, "ఊకో బిడ్డా, అయిపోతది" అని ఓదార్చడం మాత్రం మైకులో స్పష్టంగా వినిపించింది.

ఆ వేదిక దిగుతూ, భూమ్యాకాశాల సాక్షిగా, లింగంపల్లి కాలనీవాసుల సమక్షంలో, నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో వినకుండా ఏ పాటగాడికీ పేరు పెట్టను. విన్న తర్వాత అసలే పెట్టను.