వెంకటరావమ్మ గుండ్రటి కళ్లం

వెంకటరావమ్మకు కొలతల పిచ్చి. పెళ్ళిచూపుల నాడు పెళ్ళికొడుకు ముఖం చూడమంటే తలొంచుకుని కూర్చుంది. అందరూ సిగ్గనుకున్నారు. ఆవిడ వంచిన తల ఎత్తకుండా గదిలో నాపరాళ్ళు లెక్కపెడుతోంది. "పొడుగు పద్నాలుగు, అడ్డం తొమ్మిది. మొత్తం నూట ఇరవై ఆరు" అని వాళ్ళమ్మ చెవిలో చెప్పింది. ఆ పెళ్ళికొడుకే శ్రీమన్నారాయణ. ఇప్పటికీ ఎవరడిగినా, "నా ముఖం పెళ్ళయ్యాకే చూసిందండీ" అని నవ్వుతాడు.

పొదిలిలో తొమ్మిదో తరగతి దాకా చదివి, పెదకాకాని అవతల మిరప పండే ఈ ఊరికి కాపురానికి వచ్చింది. ఇప్పుడు యాభై రెండేళ్ళు. జానలతో, మూరలతో, అడుగులతో ఆవిడ కొలవని గట్టు లేదు, దొడ్డి లేదు. ఊళ్ళో వాళ్ళు వెనకాల 'సర్వేయరమ్మ' అంటారు. ముందు అనే ధైర్యం ఎవరికుంది?

ఆ ఊళ్ళో కౌలు రైతులకు సొంత కళ్లాలు లేవు. కోసిన మిరపకాయ ఎండబెట్టుకోవాలంటే రోడ్డు పక్కన ఉన్న పెద్ద బీడే దిక్కు. అక్కడ తగాదాలు రాకుండా ఎప్పుడో పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. మనిషికి ఒక తాడు. తాడు పొడుగు ఎనభై మీటర్లు. చీటీలు వేసుకుని వరసలో ఎవరికి నచ్చిన చోట వాళ్ళు మేకులు కొట్టి తాడు చుట్టేసుకోవాలి. తాడు లోపల ఎంత చోటుంటే అంతా వాళ్ళది. ఒకసారి వేసిన తాడు కాయ ఎత్తేదాకా కదపకూడదు. ఈ తాళ్ళన్నిటికీ పెద్దదిక్కు బుల్లయ్య. మనిషి మంచివాడే కానీ, తాడు విషయానికొస్తే కోర్టు జడ్జీ.

అందరి కళ్ళూ రోడ్డు వారనే. అక్కడైతే ట్రాక్టరు దగ్గరకొస్తుంది. అంతకన్నా పెద్ద కారణం, పోయే బస్సుల్లో వాళ్ళకి కాయ ఎర్రగా కనపడాలి. "ఎవరిదిరా ఈ కాయ?" అని ఒక్కరైనా అడగాలి. అందుకని తాడును రోడ్డు పొడవునా సన్నగా సాగదీసి వేసుకునేవాళ్ళు. వెంకటరావమ్మకి ఆరేళ్ళుగా చీటీ చివర్లోనే వచ్చేది. వెనక బీట్లో, ఎవరూ చూడని చోట ఆరబెట్టుకుని, రోడ్డు వైపు చూసి కుళ్ళుకునేది.

ఈ ఏడు చీటీ రెండోది వచ్చింది. ఆవిడ సంతోషం ఆ బీట్లో పట్టలేదు. రోడ్డు పొడవునా ముప్ఫై ఆరు మీటర్లు, లోపలికి నాలుగు మీటర్లు చూసుకుని మేకులు కొట్టించింది. దారిన పోయే ప్రతి ఆటోకీ చెయ్యూపింది. పక్క తాడు మస్తాన్‌బీది. "వదినా, కాయింకా రాలేదు. ఎవరికూపుతున్నావ్?" అంటే, "అలవాటు చేసుకుంటున్నాలే" అంది.

మర్నాడు రెండెకరాల తేజ రకం కాయ ట్రాక్టరులో దిగింది. పోశారు, పలచగా నెరిపారు. తాడు నిండిపోయింది. కుప్ప చూస్తే సగానికి పైగా అలాగే ఉంది.

వెంకటరావమ్మ చెయ్యూపడం ఆగిపోయింది. పచ్చి కాయ కుప్ప మీద రెండు రోజులుంటే లోపల వేడెక్కి మెత్తబడుతుంది, రంగు పోయి తెల్లగా తాలవుతుంది. పోనీ మందంగా పోద్దామా అంటే కింద కాయ ఉడికిపోతుంది. కుప్పలోకి చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా తగిలింది. ఏడాది కష్టం చేతికింద మగ్గుతోందని భయం వేసింది.

"పోయినేడు ఇంతే కాయ కదండీ" అంది మొగుడితో. "వెనక బీట్లో సరిపోయింది. ఇదే తాడు."

"తాడు ఎండకి కుంచించుకుపోయిందేమోనే" అన్నాడు శ్రీమన్నారాయణ.

ఆవిడ పుల్ల తీసుకుని నేల మీద కూర్చుంది. ముప్ఫై ఆరు నాలుగుల నూట నలభై నాలుగు. పోయినేడు వెనక వేసింది ఇరవై అయిదు, పదిహేను. మూడు వందల డెబ్బై అయిదు! రెండింటికీ చుట్టూ కొలిస్తే అదే ఎనభై. వెంకటరావమ్మ తన నెత్తిన తనే మొట్టుకుంది. బస్సుల్లో వాళ్ళకి కనపడాలని పోయి, సగానికి పైగా చోటు పారేసుకుంది. ఊరంతా కొలిచిన మనిషి తన కళ్లం కొలుచుకోలేదు!

చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని బుల్లయ్య దగ్గరికి పరిగెత్తింది.

"మావయ్యా, నా తాడు ఎత్తి వెనక బీట్లో వేసుకుంటాను."

"వేసిన తాడు ఎత్తకూడదమ్మాయ్. నీకు తెలియందా?"

"నా చోటు చాలట్లేదు."

"చాలకపోవడమేందీ! అందరికీ ఒకటే తాడు. తాడొకటైతే చోటొకటే. ఇందులో ఎక్కువా తక్కువా ఏముంటది?"

వెంకటరావమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎక్కడ వేసినా అంతే చోటంటావ్?"

"అంతే."

"అంతే చోటైతే మార్చుకుంటే నీకేం పోయింది మావయ్యా? ఎవరికి అన్యాయం?"

బుల్లయ్య తలపాగా సర్దుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. "సరే, వేసుకుని ఏడువు. చాలకపోతే మళ్ళీ నా దగ్గరికి రాకు" అన్నాడు.

ఇరవైకి ఇరవై చదరంగా వేస్తే నాలుగు వందలొస్తుంది. అది చాలు. కానీ లెక్క నెత్తికెక్కిన మనిషి అక్కడ ఆగుతుందా? బీడు మధ్యలో గునపం పాతింది. దానికి దారం కట్టి, పన్నెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు కొలిచి, చివర మొగుడి చేతికిచ్చింది. "లాగి పట్టుకుని చుట్టూ తిరగండి."

శ్రీమన్నారాయణ కాలితో గీత గీస్తూ తిరిగాడు. ఉత్సాహం పట్టలేక అడగకుండానే రెండో చుట్టు తిరిగాడు, కళ్ళు తిరిగి నేల మీద కూలబడ్డాడు. ఆయన్ని చూసి నవ్వుతూనే మస్తాన్‌బీ గీత మీద తాడు పరిచింది. తాడు కొసా కొసా కలిసింది. ఎనభై మీటర్లే, ఒక్క బెత్తెడు పెరగలేదు.

గంపలు నడిచాయి. రోడ్డు వారన పరిచిన కాయ వచ్చింది, కుప్ప వచ్చింది. ఒంటి పొరగా పలచగా నెరిపినా ఒక పక్క నేల ఖాళీగా కనిపిస్తూనే ఉంది. వెంకటరావమ్మ ఆ ఖాళీలో నిలబడి, చేతులు చాపి, చిన్నపిల్లలా గిర్రున తిరిగింది. "నూట నలభై నాలుగెక్కడ, అయిదొందల పైన ఎక్కడ! ఒకటే తాడండీ, ఒకటే తాడు!" నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. "మస్తాన్‌బీ, తాడులో పట్టక మిగిలిన నీ కాయ కూడా తెచ్చి పోసుకో!"

ఊరు ఊరంతా వచ్చి గుండ్రటి గీత మీద నడిచి చూసింది. బుల్లయ్య మూడుసార్లు నడిచాడు. తాడు ఎక్కడైనా అతుకు వేశారేమోనని వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత మెల్లగా వెంకటరావమ్మ పక్కకొచ్చాడు. ప్రతి ఏడూ మొదటి తాడు ఆయనదే, పెద్దరికం కొద్దీ. రోడ్డు వారన అందరికన్నా పొడుగ్గా ముప్ఫై ఏడు మీటర్లు, లోపలికి మూడే మీటర్లు. ప్రతి ఏడూ కాయ మందంగా పోసేవాడు, సగం తాలయ్యేది. ఇరవై ఏళ్ళుగా విత్తనాల కొట్టువాణ్ణి తిడుతున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు గొంతు తగ్గించి. "నాదెంత?"

అంతకు ముందు రోజైతే వెంకటరావమ్మ బస్సుల్లో వాళ్ళకి కూడా వినపడేలా చెప్పేది. ఇప్పుడు అటూ ఇటూ చూసి, ఆయన చెవి దగ్గరికి వంగి, చిన్నగా చెప్పింది.

బుల్లయ్య తలపాగా తీసి నేలకేసి కొట్టి, బీడంతా దద్దరిల్లేలా అరిచాడు.

"ఒరేయ్! నూట పదకొండంటరా! ఇరవై ఏళ్ళ నుంచీ అందరికన్నా తక్కువ చోటు నాదేనంటరా!"